పన్నెండో నంబరు ప్లాట్‌ఫారం

ఆ పిల్ల మొదటిసారి మైకు ముందు కూర్చున్నప్పుడు
దాని మీద ఊదింది, వేడి టీ మీద ఊదినట్టు.
"అది చల్లారదు గానీ, చదువు" అన్నాను.
చదివింది.
"అవనిగడ్డ వెళ్ళు ప్రయాణికులకు గమనిక..."
నెహ్రూ బస్‌స్టాండులో
పల్లీల పొట్లం కడుతున్న చెయ్యి ఒకటి ఆగింది.
చంటిపిల్లాడి ఏడుపు ఆగిందంటే అబద్ధం,
వాడు ఏడుస్తూనే ఉన్నాడు.
బస్సు తప్పిపోయిన ఒకాయన మాత్రం
తిట్టడానికి మా కిటికీ దాకా వచ్చి
"ఇంకోసారి చెప్పించండి" అని వెళ్ళాడు.

గోనె మరియ రత్నకుమారి.
గుణదల కొండ మెట్ల దగ్గర కొవ్వొత్తులమ్మే సౌరమ్మ కూతురు.
డిగ్రీ రెండో ఏడు ఫెయిలు.
ఎంక్వయిరీలో నా పక్క కుర్చీ.
కుర్చీకి ఒక కాలు పొట్టి,
పాత టైంటేబుల్ మడిచి కింద పెట్టేవాళ్ళం.

రెండేళ్ళకి ఎఫ్ఎం వాళ్ళు తీసుకెళ్ళారు.
బెంజి సర్కిల్, నాలుగో అంతస్తు,
గోడలకి కోడిగుడ్ల అట్టల్లాంటి స్పాంజి.
మరియలోంచి 'మ' తీసేశారు.
రియా అయింది.
రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా
డ్యూటీలో నర్సులు, ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే కుర్రాళ్ళు,
పరీక్ష తప్పి హాస్టల్ మేడ అంచున నిలబడ్డ ఒకమ్మాయి.
ఆ అమ్మాయితో పాట లేకుండా, ప్రకటన లేకుండా
నలభై నిమిషాలు మాట్లాడింది
ఇడ్లీల గురించి. ఒట్టి ఇడ్లీల గురించే.
పొద్దున మెస్సులో ఏ పచ్చడి వేస్తారో
చూసి చెప్పమంది.
మర్నాడు ఫోనొచ్చింది: "అల్లం పచ్చడక్కా."
ప్రకటనల నష్టం జీతంలో కోశారట.
ఇది ఎవరికీ తెలీదు. నాకు సౌరమ్మ చెప్పింది.

అందరికీ తెలిసింది వేరే.
హైదరాబాదులో గడియారం లేని ఇల్లు,
గోడ గోడకీ కెమెరా కన్ను,
ఒక్క కోడిగుడ్డు కోసం పదహారుమంది కొట్టుకునే ఇల్లు.
నేను ఓట్లు వేశాను,
మా ఆవిడ ఫోన్లోంచి కూడా, ఆవిడకి తెలీకుండా.
"ఏడవదేంటి? పొగరు" అన్నారు.
నాలుగో వారం ఏడ్చింది.
"నటన" అన్నారు.
ఐదో వారం, అర్ధరాత్రి, కెమెరా చూసే ఆ ఆకుపచ్చ చీకట్లో
నిద్రలో లేచి కూర్చుని, కళ్ళు తెరవకుండా,
పొల్లు పోకుండా అంది:
"అవనిగడ్డ వెళ్ళు బస్సు
పన్నెండో నంబరు ప్లాట్‌ఫారం నుంచి
మరికొద్ది సేపట్లో బయలుదేరును."

రెండు రాష్ట్రాలూ నవ్వాయి.
ఆ ముక్కకి డప్పు కలిపి
పెళ్ళి ఊరేగింపుల్లో చిందులేశారు.
నాకు నవ్వు రాలేదు.
అవనిగడ్డ బస్సు తొమ్మిదో నంబరుకి మారి అప్పటికే ఏడాది.
ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

ఆరో వారం బయటికొచ్చింది.
బీసెంట్ రోడ్డులో చీరల కొట్టుకి రిబ్బను కత్తిరించింది,
తెనాలిలో సెల్ షాపుకి.
ఏడాది తిరక్కుండా కత్తెర ఇంకొకరి చేతికి పోయింది.
రాత్రి పదింటికి ఇప్పుడు కంప్యూటరే పాటలు వేస్తుంది.
దానికి నిద్ర రాదు, జీతం అక్కర్లేదు.

నా రిటైర్మెంటు నెలలో ఓ సాయంత్రం
మాస్కు పెట్టుకుని బస్‌స్టాండుకి వచ్చింది.
"కుర్చీ మార్చారా బాబాయ్?"
మార్చలేదు.
కూర్చుని, వంగి, కాలి కింద కాగితం తడిమింది.
మైకు ఏదని అడగలేదు.
అప్పటికే అక్కడ రికార్డు గొంతు, ఎవరిదో,
ఉయ్యూరుని పరాయిదేశంలా పలుకుతుంది.

ఇప్పుడు సింగ్‌నగర్లో ఉంటున్నాను.
పొద్దున ఆరున్నరకి చెత్తబండి వస్తుంది.
"అమ్మా... తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా ఇవ్వండమ్మా..."
మొదటిరోజు గుమ్మంలోనే నిలబడిపోయాను.
ఆ 'అమ్మా'లో మకారం కింద ఒత్తుంది చూశారూ,
అది గుణదల మెట్ల మీద
"కొవ్వొత్తులమ్మా" అన్న ఒత్తు.
ఒక్కసారి చదివినందుకు మూడువేలిచ్చారట.
ఊళ్ళో ఏ సందులో బండికైనా అదే గొంతు.
ఆ అమ్మాయి మటుకు ఎక్కడుందో
సౌరమ్మ చెప్పదు.

"ఈ గొంతెక్కడో విన్నాం కదంకుల్?"
పక్కింటి కుర్రాడు.
"తొమ్మిదో నంబరు" అన్నాను.
వాడికి అర్థం కాలేదు.
బండి మూల తిరిగి వెళ్ళిపోయింది.
నా చేతుల్లో
రెండు బకెట్లూ అలాగే ఉన్నాయి.